లెస్ పాల్ రకం గిటార్‌కు కేసు మూత పడటం లేదంటే

మీ లెస్ పాల్ రకం (గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్ నమూనా) గిటార్‌కు కేసు మూత సరిగా పడటం లేదని అడిగారు. సమస్య పొడవుది కాదు, తలది, అంటే తీగలు బిగించే మరలుండే చివరది. మీరు చవగ్గా దొరికిందని కొన్నది స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) కేసు. స్ట్రాట్ తల వెనక్కి వంగదు, మీ లెస్ పాల్ రకానికి వంగి ఉంటుంది. అందుకే కేసు లోతు చాలక మూత నొక్కితేగానీ పడటం లేదు.

1. మొత్తం పొడవు, కింది వెడల్పు, మందం టేపుతో కొలవండి. కేసు లోపలి కొలతలే అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే. గిటార్ కేసులో పెట్టి తల కింద పాత పేపరు ముక్క దూర్చండి. సులువుగా జారాలి. ఇరుక్కుందా, తల అడుగుకు ఆనుతున్నట్టే. బరంపురం బస్సు డిక్కీలో కేసు ఒక్కసారి వెల్లకిలా పడితే చాలు, నట్ (మెడ, తల కలిసే చోట తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర విరుగుతుంది. ఆనాల్సింది మెడ, తల గాల్లో ఉండాలి. కాస్తే తగులుతుంటే మెడ కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి. అప్పటికీ మూత తేలిగ్గా పడకపోతే కేసు మార్చేయండి.

3. దీర్ఘచతురస్రపు ప్లైవుడ్ కేసు చవక, కానీ బరువు. రాయగడ నుంచి విశాఖ రైల్లో మోస్తే భుజం చెబుతుంది! అయినా నా ఓటు దానికే.

4. కొనేటప్పుడు గిటార్ వెంట తీసుకెళ్లండి, పేపరు ముక్కతో సహా.