పురుగుల సంగతి తర్వాత, ముందు ఆ పెదాల వాపు చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. భీమవరం నుంచి వచ్చిన అమ్మానాన్నలను పోయిన శనివారం జపనీస్ స్టేక్‌హౌస్‌కు తీసుకెళ్లాం. మన ఎదురుగానే పెద్ద పెనం మీద వండి వడ్డించే హిబాచీ అది. నాన్న (63 ఏళ్లు) కాలిఫోర్నియా రోల్ (ఒక రకం సుషీ), రొయ్యల ఫ్రైడ్ రైస్ తిన్నారు. తిరిగొస్తుంటే కారులో ఆయన పెదాలు వాచాయి, గొంతు పట్టేసినట్టుందన్నారు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఎలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసి పడుకోబెట్టాం. తెల్లారేసరికి తగ్గింది. బీపీకి రామిప్రిల్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడతారు. నా టెన్షన్ ఏంటంటే, సుషీ తింటే కడుపులో పురుగులు పడతాయా? ఇద్దరికీ నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ వేయమంటారా?

జవాబు: మీరు అడిగింది పురుగుల గురించి. నాకు గుండె గుభేలుమన్నది మాత్రం మీరు మధ్యలో మామూలుగా చెప్పి వదిలేసిన మాటకు. పెదాలు వాచి, గొంతు పట్టేసిన మనిషిని మాత్ర వేసి పడుకోబెట్టారు. తగ్గింది కాబట్టి ఈ ఉత్తరం రాయగలిగారు.

మనిషిని చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. అనుమానాలు మాత్రం రెండున్నాయి. ఒకటి రొయ్య. 'భీమవరం మనిషికి రొయ్య పడకపోవడమేంటి' అంటారేమో. చిన్నప్పటి నుంచి తింటున్నవాళ్లకు కూడా పెద్ద వయసులో ఎలర్జీ కొత్తగా మొదలుకావచ్చు. పైగా అక్కడ పెనం ఒక్కటే. రొయ్య, చికెన్, గుడ్డు, అన్నం అన్నీ ఆ పెనం మీదే, అవే గరిటెలతో తిరుగుతాయి. నాకు రొయ్య వద్దన్నా దాని రసం అన్నంలోకి వస్తుంది. వంట మొదలుపెట్టకముందే చెప్పి, పెనం కడిగించుకోవాలి, లేదా లోపల వేరే పాత్రలో వండించుకోవాలి. సోయా, నువ్వులు, గుడ్డు కూడా కొందరికి పడవు.

రెండో అనుమానం రామిప్రిల్. నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ఇదే. పేరు చివర 'ప్రిల్' ఉండే బీపీ మాత్రల వల్ల కొద్దిమందికి పెదాలు, నాలుక, గొంతు వాస్తాయి. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవాళ్లకు కూడా ఒక రోజు ఉన్నట్టుండి రావచ్చు. దురద, దద్దుర్లు ఉంటే రొయ్య మీద అనుమానం ఎక్కువ. అవేమీ లేకుండా ఉత్త వాపే అయితే మాత్రను అనుమానించాలి. నాన్నగారికి దురద పెట్టిందో లేదో మీరు రాయలేదు. మాత్ర వల్ల వచ్చే వాపు సెట్రిజిన్‌కు లొంగదు. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తీస్తుంది, పేరు మాత్రం సెట్రిజిన్‌కు వస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు గొంతు మూసుకుపోదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. ఇది చదివే సరికి ఆయన ఇంకా రామిప్రిల్ వాడుతూ ఉంటే, తర్వాతి డోసుకు ముందే ఆయన డాక్టరుకు ఫోన్ చేయండి. ఇండియాలో అర్ధరాత్రి అయితే ఫ్రిస్కోలోనే అర్జంట్ కేర్‌లో (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌లో) చూపించండి. దాని బదులు వేరే రకం మందు రాస్తారు. అంతేగానీ బీపీ మందే లేకుండా రోజులు గడపకండి.

ఇప్పుడు కాస్త కోప్పడాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన మందుల సంచి ఒకటి ఉంటుంది. బీపీ, షుగర్ మందులు తీసుకెళ్లడం మంచిదే. సెట్రిజిన్, పారాసిటమాల్, ఎవరికో రాసిచ్చిన అజిత్రోమైసిన్, నులిపురుగుల మాత్ర కూడా అందులోనే ఉంటాయి, ఇక ఏం వచ్చినా ఆ సంచే ఆసుపత్రి. సెట్రిజిన్ దురదను తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. తీవ్రమైన ఎలర్జీకి తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. సెట్రిజిన్‌తో కొందరికి మత్తు కూడా వస్తుంది. నిద్రలో ఊపిరి ఆడకపోతే పక్క గదిలో ఉన్న మీకు తెలిసేదెలా? ఒకసారి తగ్గిన ఎలర్జీ కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చు కూడా. ఆసుపత్రిలో కాసేపు ఉంచి పంపేది అందుకే. ఈఆర్ (ఎమర్జెన్సీ విభాగం) బిల్లుకు భయపడి వెనకాడారేమో, మీరు రాయలేదు, నేనూ అడగను. ఇకపై మాత్రం పెదాలు, నాలుక వాచినా, గొంతు బిగిసినా, మాట మారినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. మీరే కారులో ఎక్కించుకుని బయల్దేరకండి.

తర్వాత ఎలర్జీ స్పెషలిస్టును కలవండి. స్కిన్ టెస్టుకు కొన్ని రోజుల ముందు నుంచే సెట్రిజిన్ లాంటివి ఆపాలి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగండి. అవసరమనుకుంటే అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్ (ఎవరికి వారే పొడుచుకునే ఇంజెక్షన్) రాసిస్తారు. తేలేదాకా నాన్నగారికి రొయ్య, పీత ఏ రూపంలోనూ వద్దు. కాలిఫోర్నియా రోల్‌లో పీతలా కనిపించేది సాధారణంగా చేప ముద్దతో చేసిన నకిలీ పీత. అందులో గుడ్డు తెల్లసొన ఉంటుంది, అసలు పీత రసం కూడా ఉండొచ్చు.

బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి ఇంకొక మాట. టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సుషీ అన్నంలో వెనిగర్‌తో పాటు పంచదార కూడా కలుపుతారు.

ఇక పురుగులు. కాలిఫోర్నియా రోల్‌లో మామూలుగా పచ్చి చేపే ఉండదు. నిజంగా పచ్చి చేపే తిన్నా, అమెరికాలో అలా వడ్డించే చాలా రకాల చేపలను ముందే గడ్డకట్టించాలి. మైనస్ 20 డిగ్రీల చలిలో 7 రోజులుంచడం అందులో ఒక పద్ధతి. అనిసాకిస్ అనే పురుగు ఆ చలికి చస్తుంది. ఒకవేళ అది కడుపులోకి చేరితే సాధారణంగా కొన్ని గంటల్లోనే విపరీతమైన నొప్పి, వాంతులు మొదలవుతాయి, ఎండోస్కోపీతో పురుగును తీసేస్తారు. అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉన్నట్టు మీరు రాయలేదు. ఆల్బెండజోల్ ఇద్దరికీ అక్కర్లేదు, ఆ సంచిలోనే ఉండనివ్వండి.