ఇంటి ప్రార్థనకి ఏ పుస్తకం కొనాలి?

(పాఠకుల ప్రశ్నలు. జవాబులు: గుంటూరు అరండల్‌పేటలో ఉండే ఒక రిటైర్డ్ కాలేజీ లైబ్రేరియన్)

ప్రశ్న: మేడం గారూ, మా ఇంట్లో రాత్రి 8:30కి కుటుంబ ప్రార్థన. అత్తయ్యగారు, మేమిద్దరం, 14 ఏళ్ల బాబు, 8 ఏళ్ల పాప కూర్చుంటాం. అత్తయ్యగారికి పాత బైబిలే కావాలి. పిల్లలు ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. మావారు ఆదికాండం నుంచి వరసగా మొదలుపెట్టారు, లేవీయకాండం దగ్గర బండి ఆగింది. ఇప్పుడు ప్రార్థన టైం అయిందంటేనే పిల్లలకి టెన్షన్. 2,000 రూపాయల్లో మంచి పుస్తకాలు చెప్పండి.
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, లేవీయకాండం దగ్గర ఆగిన ఇళ్లు మన రెండు ఊళ్లలో చాలానే ఉన్నాయి. బైబిల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకి మూడో నాలుగో చదవాలి. పెద్దవాళ్లు ఒంటరిగా కూర్చుని చదువుకోవడానికైతే అది సరిపోతుంది. నిద్రకి తూలుతున్న పాపకి బలుల విధులు వినిపిస్తే ఏం ఎక్కుతుంది? మీవారిని ఆ ప్లాను పొద్దున పూట సొంతంగా సాగించుకోమనండి. రాత్రికి మార్కు సువార్త పెట్టండి. 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. అధ్యాయం మొత్తం కూడా అక్కర్లేదు, ఒక సంఘటన చాలు. పక్షవాయువు గలవాణ్ణి ఇంటి కప్పు విప్పి కిందికి దించారు కదా, ఆ రాత్రికి అంతే. "తర్వాతేమైంది?" అని పాప అడిగినా రేపే చెప్తామనండి. డిసెంబరు వచ్చాక లూకాకి మారండి. అందులో 24 అధ్యాయాలున్నాయి. ఒకటో తారీఖున మొదలుపెడితే క్రిస్మస్ ముందురోజుకి పూర్తవుతుంది.

అత్తయ్యగారి బైబిల్ జోలికి వెళ్లొద్దు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని ఆవిడ కళ్లు మూసుకుని చెప్పగలరు, గుళ్లో చదివేదీ చాలాచోట్ల అదే. పిల్లల కోసం వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి తీసుకోండి. కథ అందులోంచి చదవండి, కంఠత వాక్యం మాత్రం నాయనమ్మ పాత బైబిల్లోంచి నేర్పాలి. ఆవిడకి అక్షరం ఆనకపోతే పెద్దక్షరాల బైబిల్ కొనొచ్చు కానీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. షాపుకి తీసుకెళ్లి ఒళ్లో పెట్టుకుని చూసుకోమనండి. కొన్ని ఎంత బరువంటే పది నిమిషాలకే మణికట్టు లాగుతుంది.

పాపకి బొమ్మల బైబిల్ కొంటానంటారేమో. కొనండి. బొమ్మలు చూసి మురిసిపోయే ముందు రెండు పేజీలు తిరగేయండి. యోనా కథ ఎక్కడ ఆపారు? నీనెవె వాళ్లు మారుమనస్సు పొందారు, శుభం, అని మూడో అధ్యాయంతో ముగిస్తే ఆ పుస్తకం నాకు నచ్చదు. నాలుగోదాంట్లోనే కదా అసలు సంగతి: ప్రవక్త అలిగి కూర్చోవడం, చెట్టు ఎండిపోవడం, చివరికి దేవుడే ప్రశ్న అడిగి ఊరుకోవడం. పిల్లలకి అలగడం బాగా తెలుసు, కాబట్టి అది వాళ్ల అధ్యాయం. రెండోది జ్ఞానుల పేజీ. మత్తయి బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు చెప్పాడు గానీ జ్ఞానులు ముగ్గురని ఎక్కడా చెప్పలేదు. వాళ్లు వచ్చింది ఇంట్లోకి, పశువుల పాకలోకి కాదు. బొమ్మలో ముగ్గురుంటే కొంపేం మునగదు. కానీ కింద వాక్యంలో కూడా "ముగ్గురు రాజులు" అని రాసుంటే, రాసినవారు మత్తయి తెరిచి చూడలేదన్నమాట.

బాబుకి జాన్ బన్యన్ "యాత్రికుని ప్రయాణము" ఇవ్వండి. 1678లో వచ్చినా రాక్షసులు, బురదగుంట, కోటలో ఖైదు అన్నీ ఉంటాయి కాబట్టి 14 ఏళ్లవాడికి విసుగు రాదు. సంక్షిప్తమైతే మరీ పల్చటిది వద్దు. రెండో భాగం కూడా ఉందేమో చూడండి. 1684లో వచ్చిన ఆ భాగంలో యాత్రికుడి భార్య, పిల్లలు బయలుదేరతారు. ఇంటిల్లిపాదికీ చదవడానికి నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఇంకొకటి, ఇది మీరు అడగలేదు. మన వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారి "క్రీస్తు చరిత్ర"కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎంత క్రైస్తవ ఇళ్లలోనైనా ఆ పుస్తకం కనబడదు, ఎందుకో! ఏలూరు రోడ్డులో సాహిత్యం అమ్మే షాపుల్లో అడగండి. పద్యాలు కాబట్టి పిల్లలు సొంతంగా చదవలేరు. శ్రమల కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో, రోజుకొక పద్యం మీవారు గొంతెత్తి చదివితే చాలు, అర్థం తర్వాత మాట్లాడుకోవచ్చు.

2,000 మొత్తం ఒక్కసారే పెట్టేయకండి. వాడుక భాష బైబిల్, బన్యన్ ఈ నెలకి చాలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మీ ఇంట్లో ఉండే ఉంటుంది, అందులోంచి ఒక పాటతో మొదలుపెట్టండి.

ప్రశ్న: అక్కా, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. శనివారం మా యూత్‌కి బైబిల్ స్టడీ నడపమని పాస్టర్ గారు నాకు అప్పజెప్పారు. ఒకాయన స్టడీ బైబిల్ కొనమంటాడు, ఇంకొకాయన వాయిదాల మీద వ్యాఖ్యానాల సెట్టు తీసుకోమంటాడు. ఏది మంచిది?
– ఒక విద్యార్థి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: తమ్ముడూ, సెట్టు వద్దు. నువ్వు ముందు ఒక చిన్న పత్రిక, అంటే బైబిల్లోని ఉత్తరం, పట్టుకో, పౌలు ఫిలిప్పీయుల సంఘానికి రాసింది. 4 అధ్యాయాలు, 104 వచనాలు. ఆ సంఘం ఎలా పుట్టిందో అపొస్తలుల కార్యాలు 16లో ఉంది: లూదియ, చెరసాల అధికారి, అర్ధరాత్రి పాటలు. ఆ అధ్యాయం చదివి పత్రికలోకి వస్తే సగం సందేహాలు వాటంతటవే తీరతాయి. మార్జిన్‌లో రిఫరెన్సులున్న బైబిల్, పెన్సిల్, కాంకార్డెన్స్ (ఏ మాట ఏ వచనాల్లో ఉందో చూపే పుస్తకం) ఉంటే ఈ సెమిస్టర్ గడిచిపోతుంది. కాంకార్డెన్స్ నీ చేతిలో ఉన్న అనువాదానికే తయారైందో లేదో చూసుకో. పాత అనువాదానికి చేసింది వాడుక భాష బైబిల్ పక్కన పెట్టుకుంటే మాట దొరకదు. డబ్బు మిగిలితే మ్యాపులున్న బైబిల్ డిక్షనరీ కొను.

స్టడీ బైబిల్ తర్వాత కొనొచ్చు. అందులో గీత పైన ఉన్నది వాక్యం, కింద ఉన్నది ఎవరో ఒక మనిషి అభిప్రాయం. మీటింగులో "బైబిల్లోనే ఉంది" అంటూ కింది నోట్సు చదివేవాళ్లున్నారు, జాగ్రత్త. షాపులో దాన్ని పరీక్షించాలంటే న్యాయాధిపతులు 11 తెరువు. యుద్ధంలో గెలిస్తే ఇంట్లోంచి ఎదురొచ్చేదాన్ని బలి ఇస్తానన్న యెఫ్తా మొక్కుబడి, ఎదురొచ్చిన అతని కూతురు. ఆమెను నిజంగా బలి ఇచ్చాడా, లేక పెళ్లి లేకుండా దేవుని సేవకి ప్రతిష్ఠించాడా అని పండితులు ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు. రెండు పక్షాలూ చెప్పి, తన మాట ఎందుకో వివరించే పుస్తకాన్ని నమ్మొచ్చు. ఆ చోట ఒక్క ముక్కా రాయకుండా జారుకున్నది కొనకు. బాప్తిస్మం గురించి ఏం రాశారో కూడా చూడు. మీ సంఘం పద్ధతి వేరైతే, ఎక్కడ తేడా వస్తుందో పాస్టర్ గారితో ముందే మాట్లాడుకుంటే మీటింగులో గొడవ ఉండదు.

ఫోన్లో యాప్ చాలదా అంటావేమో. వచనం వెతకడానికి భేషుగ్గా ఉంటుంది. స్టడీ నడిపేవాడి చేతిలో వాట్సాప్ మోగుతుంటే మాత్రం వినేవాళ్లూ ఫోన్లు తీస్తారు.

ప్రశ్న: మావారు పోయి ఏడాది కావస్తోంది. పొద్దున్నే చదువుకోవడానికి అనుదిన ధ్యానాల పుస్తకం ఒకటి చెప్పండి. షాపులో చూసినవన్నీ ఆశీర్వాదం, అభివృద్ధి అంటున్నాయి, నాకు మనసు పట్టడం లేదు.
– మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీకు పట్టకపోవడంలో తప్పేమీ లేదండీ. అలాంటి పుస్తకాల్లో యిర్మీయా 29:11 తప్పకుండా ఉంటుంది, "సమాధానకరమైన ఉద్దేశములు" అని. దానికి ముందు వచనంలోనే బబులోను చెరలో 70 ఏళ్లు గడవాలని ఉంది. ఆ 70 ఏళ్ల మాట ఎత్తని పుస్తకం దుఃఖంలో ఉన్నవాళ్లకి దేనికి? "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" కూడా అంతే. అది జైల్లో కూర్చుని, ఆకలీ తెలుసు, కడుపు నిండటమూ తెలుసు అన్న పౌలు మాట. పరీక్షలో ర్యాంకు గురించి కాదు.

మీరు "ఎడారిలో సెలయేర్లు" చదవండి. జపాన్‌లో మిషనరీగా పనిచేసిన లెట్టీ కౌమన్ దాన్ని కూర్చారు. భర్త గుండెజబ్బుతో ఏళ్ల తరబడి మంచాన ఉంటే సేవ చేశారు. ఆయన 1924లో పోయారు, ఇంగ్లీషు పుస్తకం 1925లో వచ్చింది. అందుకే అందులో ఓదార్పు తేలిగ్గా ఉండదు. కొన్ని పేజీల్లో భాష బరువు, కొన్నిచోట్ల మనకి తెలియని చలిదేశాల పోలికలు. అలాంటి రోజు పేజీ వదిలేసి పైన ఉన్న వచనం బైబిల్లో తీసి, చుట్టూ ఉన్న అధ్యాయం చదువుకోండి. మధ్యలో రోజులు తప్పితే వెనక్కి వెళ్లి బాకీ తీర్చకండి, ఆ రోజు తారీఖు తెరవండి చాలు.

ప్రశ్న: మేము కథోలికులం. మా అమ్మాయిని గుంటూరులో లూథరన్ కుటుంబంలో ఇచ్చాం. ఫిబ్రవరిలో మరియమాత ఉత్సవాలకి ఇంటికొస్తుంది. బైబిల్ బహుమతిగా ఇద్దామనుకుంటున్నాం. మాది ఇవ్వాలా, వాళ్లది ఇవ్వాలా?
– గుణదల, విజయవాడ

జవాబు: అమ్మాయికి మీదే ఇవ్వండి. మీ బైబిల్లో 73 గ్రంథాలు, వాళ్లదాంట్లో 66. తేడా అంతా పాత నిబంధనలోనే: తోబీతు, యూదితు, మక్కబీయులు వగైరా 7 గ్రంథాలు, ఎస్తేరు, దానియేలులో కొన్ని అదనపు భాగాలు. కొత్త నిబంధన ఇద్దరికీ 27 పుస్తకాలే, కాబట్టి కలిసి చదువుకోవడానికి సువార్తల దగ్గర పేచీ రాదు. తోబీతు 8వ అధ్యాయంలో కొత్త దంపతులు పెళ్లిరాత్రి చేసిన ప్రార్థన ఉంది, అక్కడ రిబ్బన్ పెట్టి ఇవ్వండి. అల్లుడుగారికి వేరే బైబిల్ కొనే పనిలేదు, ఆయనకి ఈపాటికి ఉంటుంది. ఆయన పేరున ఏదైనా ఇవ్వాలంటే జాషువా గారి పుస్తకం ఉండనే ఉంది.