రద్దు అంటే ఏం రద్దు?

బిడ్డా,

అడ్తి (కమీషన్) దుకాణాల గుమాస్తాల కోసం తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీలు, రాసే యాప్ చేస్తున్నవని మీ నాయన చెప్పిండు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు మనింటి పిల్ల పని చేస్తున్నదంటే సంబురమే. కని అప్పట్నుంచి గుండెల దడగనే ఉన్నది. రైతు ఏడాది కష్టం ఆ ఒక్క తెర మీదనే తేలుతది గద.

చిన్న సంగతులు నీకు తెలిసినవే. బటన్‌కు 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), అంటే దగ్గరదగ్గర 9 మిల్లీమీటర్ల జాగ ఇయ్యి. అక్షరాల రంగుకు, వెనక రంగుకు తేడా 4.5కు 1 కన్న తగ్గనియ్యకు. షెడ్డు బయట ఎండల చూసేటోళ్లకు ఇంక ఎక్కువ కావాలె. ఎరుపు, పచ్చ రంగులను నమ్ముకోకు, పక్కన మాట గూడ రాయి.

తెలుగు కాడ జర ఆగు. ఇంగ్లిషు కొలతలల్ల తెలుగు నింపితే ‘లక్ష్మి’ కింది ఒత్తు కోసుకపోతది. వరుస ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లన్న పెట్టు. పేరు పక్కన ‘కు’ అతికించే కోడ్ రాయకు. ‘రాములుకు’ నడుస్తది, ‘లక్ష్మికు’ అంటే నవ్వుతరు. ‘రైతు: లక్ష్మి’ అని విడిగ చూపితే ఏ పేరుకైనా సరిపోతది.

ఇగ రద్దు సంగతి. ఈ తప్పు ఒకప్పుడు నేను చేసిందే, అందుకే దీన్ని ఇంత పొడుగు రాస్తున్న.

తెర అడుగుతది: ‘తక్‌పట్టీ రద్దు చేయాలా?’ కింద రెండు బటన్లు: ‘సరే’, ‘రద్దు’. ఇంగ్లిషు క్యాన్సిల్‌కు నిఘంటువుల దొరికిన మాటను తెచ్చి అతికిస్తే ఇట్లనే అయితది. గుమాస్తా రద్దు చెయ్యాలనుకుంటడు, కండ్ల ముంగట ‘రద్దు’ కనబడ్తది, నొక్కుతడు. పెట్టె మూసుకుంటది, తక్‌పట్టీ మాత్రం అట్లనే ఉంటది. అది పోయిందనుకొని ఇంకోటి రాస్తడు. పొద్దుమీకి లెక్క చూస్తే ఒక్క రైతు సరుకు రెండుసార్లు. ఉల్టా గూడ అయితది. పొరపాటున ఆ పెట్టె తెరిచినోడు ‘సరే, ఏం కాలే’ అనుకుంట ‘సరే’ నొక్కితే అసలు తక్‌పట్టీ ఎగిరిపోతది. ఇందుల గుమాస్తాను తిట్టి లాభం లేదు.

బటన్ మీద పనే రాయి: ‘తక్‌పట్టీ తీసెయ్యి’, ‘తక్‌పట్టీ ఉంచు’. వరుసబెట్టి రాసేటోడు ప్రశ్న చదువడు, బటన్ ఒక్కటే చూస్తడు. ప్రశ్నల గూడ నంబరు, పేరు, సరుకు కనబడాలె: ‘214, లక్ష్మి, మిర్చి 30 బస్తాలు’. రెండు బటన్ల నడుమ వేలెడు ఎడం పెట్టు, ‘ఉంచు’ను బొటనవేలు సులువుగ అందే కాడ పెట్టు. తీసేసినంక గూడ ‘వాపస్ తెచ్చుకో’ అని 10 సెకన్లన్న చూపు. కాగితం రైతు చేతికి పోయినంక ఇగ తీసెయ్యనియ్యకు. పాత నంబరు వేసి సవరణ తక్‌పట్టీ రాయనియ్యి. అన్నట్టు, ఒక తెరల తక్‌పట్టీ, ఇంకో తెరల రసీదు, మూడోదాంట్ల బిల్లు అని పేర్లు మార్చకు. యార్డుల ఏమంటరో అదే అంతట.

తూకం కాడ నాకు ఇంకో భయం. దడ్వాయి (తూకం వేసేటోడు) కిలోలల్ల చెప్తడు, ధర క్వింటాలుకు ఉంటది. గడి పక్కన ‘కిలోలు’ అని రాయి. 1250 కొట్టంగనే కింద ‘12 క్వింటాళ్ల 50 కిలోలు’ అని కనబడాలె. క్వింటాలుకు 15,000 అయితే 1,87,500 అని మన తీరుగ కామాలు పెట్టు. 187,500 అని పెడితే లక్షనా, వేలా అని మల్ల లెక్కబెట్టుకోవాలె.

నెట్ మెల్లగుంటే జనం బటన్‌ను రెండుసార్లు నొక్కుతరు. మొదటిసారి నొక్కంగనే అది ‘పంపుతున్నం’ అని మారి బిగుసుకోవాలె, సర్వర్ గూడ ఆ నంబరును ఒక్కసారే తీసుకోవాలె. ‘చెల్లని ఇన్‌పుట్’ అనే మాట ఎక్కడ కనబడ్డా తీసెయ్యి. ‘ఫోన్ నంబరుకు 10 అంకెలు కావాలె, 9 ఉన్నయి’ అని చెప్పు, కొట్టిన అంకెలు చెరపకు.

‘అర్థం కాకుంటే ట్రైనింగ్ ఇస్తం’ అన్నవట మీ నాయనతోని. ఆ మాట నాకు నచ్చలే. గుమాస్తా మారినప్పుడల్ల ఎవరిస్తరు? యార్డుకు పో. ఐదుగురికి ఫోన్ ఇచ్చి ‘ఈ తక్‌పట్టీల తూకం తప్పు పడ్డది, సరిచెయ్యి’ అను, నోరు మూసుకొని చూడు. వేలు ఎక్కడ ఆగిందో రాసుకో. ‘మంచిగున్నదా?’ అని అడగకు, నీ మొఖం చూసి మంచిగనే ఉన్నదంటరు.

మిర్చి రాశుల కాడికి పోతే ముక్కుకు రుమాలు కట్టుకో, ఆ ఘాటు నీకు చిన్నప్పటి నుంచి పడదు. ముందుగాల ఆ రెండు బటన్ల తెర ఫోటో నాకు పంపు.

మీ పెద్దబాపు