తాతయ్య సంచి ఇవ్వను, దుర్భిణి ఇస్తాను

మలక్‌పేట, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అస్సాంలోని కాజీరంగ అడవికి నీ ప్రయాణం ఖాయమైందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. గోడకు వేలాడుతున్న తాతయ్య వేట సంచి కావాలని అడిగావట. అది మాత్రం ఇవ్వను. పిసినారితనం అనుకోకు, ముందు కారణం విను.

నిజాం కాలంలో మీ తాతయ్య లైసెన్సు తుపాకీతో వేటకు వెళ్ళేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మానేశారు, తుపాకీ అప్పగించేశారు. సంచి మాత్రం మేకుకు మిగిలింది. ఖాకీ కాన్వాసు, తోలు పట్టీలు, వాటికి తూటాలు దోపుకొనే ఉంగరాలు. చాలా ఏళ్ళ క్రితం నేను కూడా నీలాగే ముచ్చటపడి, పక్షులు చూడటానికి వెళుతూ అందులోనే సామాను సర్దాను. విమానాశ్రయంలో తనిఖీ యంత్రం నుంచి సంచి బయటికి రాలేదు. తెరమీద ఏదో గుండ్రంగా కనబడిందన్నారు. ఖాళీ చేసి చూపించాను. లోపల ఏమీ లేదు. అప్పుడు ఒకతను అడుగు భాగాన్ని వేళ్ళతో తడిమి, కుట్టు ఊడిన చోట అస్తరు లోపలికి చూపుడువేలు పెట్టి, ఒక ఖాళీ తూటా బయటికి తీశాడు. పన్నెండు బోరుది. ఇత్తడి మడమకు చిలుము పట్టి పచ్చబడింది, పైనున్న అట్ట గొట్టం పొరలు పొరలుగా లేచిపోయింది. అరవై ఏళ్ళ క్రితం పేలిపోయిన తూటా అది! రెండు గంటలు రాతపని, సంతకాలు. విమానం వెళ్ళిపోయింది. వాళ్ళను తప్పు పట్టను. అది నిండు తూటా అయివుంటే ఆయుధాల చట్టం కింద కేసే. ‘నాకు తెలియదండీ’ అనేమాట అక్కడ రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

కాబట్టి కొత్త సంచి కొనుక్కో. పాతదైనా, కొత్తదైనా జేబులన్నీ తిరగేసి దులుపు. నీ సంచిలో తూటాలు ఉండవులే. చిన్న చాకు, స్క్రూడ్రైవరు, కత్తెర మాత్రం ఏదో ఒక మూల తప్పకుండా ఉంటాయి.

ఇక దుర్భిణి. నాది 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించేది, నీకు ఇస్తున్నాను. ఒకటే షరతు, దాన్ని సూట్‌కేసులో పెట్టకూడదు. దుర్భిణిలో రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడాలి. లోపలి పట్టకాల్లో ఒకటి వెంట్రుకవాసి జరిగినా ఎడమ కన్ను ఒక పక్షిని, కుడి కన్ను దాని పక్కన ఇంకొక పక్షిని చూపిస్తుంది. నా పాత దుర్భిణిని స్వెటర్లో చుట్టి సూట్‌కేసు నడిమధ్యన పెట్టాను, ఇంతకన్నా మెత్తటి చోటు ఉండదనుకున్నాను. దిగాక చూస్తే పెద్ద హార్న్‌బిల్ ముక్కు మీద మరో ముక్కు! కళ్ళు ఎలాగో సర్దుకుని ఒక్కటిగా చూపించాయి కానీ, మధ్యాహ్నానికి తలనొప్పి మొదలైంది. ఐదు రోజులు అలాగే నెట్టుకొచ్చాను. తిరిగొచ్చాక కోఠీలో ఒక ముసలాయన చిన్న మరలు రెండు తిప్పి సరిచేశాడు. అలాంటి పనివాళ్ళు ఇప్పుడు అక్కడ కూడా అరుదు.

వెళ్ళేముందు ఒకసారి, దిగాక ఒకసారి పరీక్షించు. మేడమీద నిలబడి దూరంగా ఉన్న కరెంటు తీగను చూడు. దుర్భిణిని కళ్ళకు ఆనించకుండా ఒక జానెడు ముందుకు పట్టుకుంటే రెండు వలయాలు విడివిడిగా కనిపిస్తాయి. తీగ రెండింట్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైకి, ఒకదాంట్లో కిందికి ఉంటే దెబ్బ తిన్నట్లే.

దుర్భిణిని మెడలో వేసుకునే విమానం ఎక్కు. నలుగురూ చూస్తే చూస్తారు. దాని బరువు ముప్పావు కిలో దాకా ఉంటుంది, మెడలో ఉన్నదాన్ని ఎవరూ తూకం వేయరు. దేశంలో తిరిగే విమానాల్లో చేతిసంచికి మామూలుగా ఇచ్చేది ఏడు కిలోలే. లెక్క వేసుకో: పొడవాటి లెన్సు రెండు కిలోలు, కెమెరా ముప్పావు, లాప్‌టాప్ ఒకటిన్నర, స్పాటింగ్ స్కోపు (ఒంటి గొట్టం దుర్భిణి) కిలోంబావు, ఛార్జర్లూ బ్యాటరీలూ కలిపి ముప్పావు. అప్పుడే ఆరుంబావు అయింది. మెత్తలు కుట్టిన కెమెరా సంచి ఖాళీగానే ఒకటిన్నర కిలో తూగుతుంది! అందుకే ఆ కెమెరా సంచులంటే నాకు గిట్టదు. పలుచటి మామూలు సంచి తీసుకుని, లెన్సును నీ ఉన్ని టోపీలో, కెమెరాను శాలువాలో చుట్టు. అవి ఎలాగూ తీసుకెళ్ళాలి కదా, అస్సాంలో ఫిబ్రవరి తెల్లవారుజామున జీపులో చలి మామూలుగా ఉండదు. లెన్సును కెమెరాకు తగిలించి మాత్రం సర్దకు, ఒక్క కుదుపుకు ఆ రెండూ కలిసేచోట వంగుతుంది.

ట్రైపాడ్, అదే కెమెరా నిలబెట్టే ముక్కాలి, కౌంటరు దగ్గర అప్పగించి విమానం కింద వేసే సామానులోకే. దాని తల విప్పి విడిగా గుడ్డలో చుట్టు. చేతిలో తీసుకెళ్ళే ట్రైపాడ్‌ను ఒకచోట వదిలేస్తారు, ఇంకొకచోట కర్ర కింద జమకట్టి ఆపేస్తారు. ఆ జూదం ఎందుకు?

బ్యాటరీల సంగతి కాస్త నిదానంగా చదువు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు కింద వేసే సామానులో ఉండకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. మరిచిపోయి సూట్‌కేసులో పెడితే యంత్రంలో కనబడుతుంది, నిన్ను పేరు పెట్టి పిలిచి తెరిపిస్తారు. నీ బట్టలన్నీ బల్లమీద పరిచి వెతుక్కోవాలి. ఈ నిబంధనకు గట్టి కారణమే ఉంది. లిథియం బ్యాటరీ లోపల పొరలు తాకి వేడెక్కితే ఆ వేడికి అదే ఇంకా రగులుతుంది. మనుషుల మధ్య అయితే ఎవరో ఒకరు చూసి ఆర్పుతారు, విమానం కడుపులో చూసేవాళ్ళు ఉండరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గింహే విమానాశ్రయంలో, ఇంకా గాల్లోకి లేవని విమానంలో తల మీది అరలో నిప్పు పుట్టి పైకప్పు కాలిపోయింది. అందరూ బయటపడ్డారు. అనుమానం పవర్ బ్యాంకు మీదే. కాబట్టి దాన్ని పై అరలో కాకుండా నీ కాళ్ళ దగ్గర సంచిలో పెట్టుకో.

ఎంత పెద్దది తీసుకెళ్ళవచ్చన్నది వాట్ అవర్లలో, అంటే బ్యాటరీలో పట్టే శక్తి లెక్కలో చూస్తారు. నూరు వరకు ఇబ్బంది లేదు. నూరు నుంచి నూట అరవై వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, అవీ రెండే. ఆపైన లేదు. పవర్ బ్యాంకు మీద మిల్లీ ఆంపియర్ అవర్లు మాత్రమే ఉంటే, ఆ అంకెను వెయ్యితో భాగించి 3.7తో హెచ్చవేయి. 20,000ది 74 అవుతుంది, పరవాలేదు. అక్షరాలు చెరిగిపోయినది ఎంత మంచిదైనా ఇంట్లోనే ఉంచు, అక్కడ నీ లెక్క ఎవరూ వినరు. కెమెరా బ్యాటరీల మొనలకు టేపు అంటించి, ఒక్కొక్కటి ఒక్కో కవరులో వేయి. తాళంచెవులతో, చిల్లరతో కలిపి వేయకు.

జంతువు ఎదురుగా కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరా ట్రాప్‌లు ఎనిమిది తీసుకెళుతున్నావన్నావు. వాటిలోంచి బ్యాటరీలు తీసేసి కింద సామానులో వేయి. ఒక్కోదానికి ఎనిమిది చొప్పున అరవై నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, ఒకటిన్నర కిలోల బరువు. ఇక్కడి నుంచి మోయడం దేనికి? గువాహటిలో ఫాన్సీ బజార్‌లో కొనుక్కో. ఆ ట్రాప్‌లేమో ఆకుపచ్చ మచ్చల పెట్టెలు, ముందు వరుసగా దీపాలు, వెనక పట్టీలు. చూసినవాడికి బాంబులాగే ఉంటాయి. అందుకని అటవీశాఖ అనుమతి పత్రం నకలు ఒకటి వాటితో పాటు పెట్టెలో, ఒకటి నీ దగ్గర ఉండాలి. మెమరీ కార్డులకు తనిఖీ కిరణాలతో ఏమీ కాదు. మా రోజుల్లో ఫిల్ము చుట్టలు చేత్తో చూడమని బతిమాలుకునేవాళ్ళం, నీకు ఆ బాధ లేదు.

మీ బృందంలో ఎవరైనా ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం తెస్తానంటే వద్దని చెప్పు. మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర ఉండటమే నేరం. బయటి దేశాల్లో దుకాణంలో కొని తెచ్చుకున్న పర్యాటకులు మన విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. దారి చూపించే మామూలు జీపీఎస్ వేరు, అడిగితే తేడా చెప్పగలిగేలా ఉండు.

అక్కడికి చేరాక చల్లటి గదిలోంచి ఒక్కసారిగా బయటికొచ్చి సంచి తెరవకు, అద్దాల మీద చెమట పడుతుంది. అరగంట మూసే ఉంచు. తిరిగొచ్చాక అన్నిటినీ ఫ్యాను గాలికి ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టు. మన హైదరాబాద్ పొడి గాలికి అలవాటైన మనకు లెన్సులో బూజు అంటే నమ్మకం కుదరదు. నమ్ము, లోపల సాలెగూడులా పాకుతుంది.

ఆదివారం పొద్దున్నే సామానంతా తీసుకుని రా. మీ పెద్దమ్మ వంటింటి కాటా పది కిలోల వరకు తూగుతుంది. పవర్ బ్యాంకు మీద అంకె చదవలేకపోతే నా భూతద్దం ఉంది. సంచి గోడ మీదే ఉంటుంది, కావాలంటే ఫోటో తీసుకో. ఆ తూటా వాళ్ళు తిరిగివ్వలేదు, అస్తరులో ఇంకొకటి ఉందేమో నేనూ వెతకలేదు.

నీ
పెదనాన్న