ఇల్లూ, పురుగూ పుట్రా: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది పెద్దల నాటి పెంకుటిల్లు. రాత్రి పది దాటితే అటక మీద పరుగులు వినిపిస్తున్నాయి. పెరట్లో గిన్నెలు తోమే చోట తెల్లారేసరికి గంపెడు మట్టి తోడి పోసి ఉంటోంది. ట్యూబులో వచ్చే ఎలుకల మందును టమాటా ముక్కకు రాసి పెట్టమని పక్కింటివారు చెబుతున్నారు. ఇంట్లో మూడేళ్ళ మనవరాలు ఉంది కనుక నాకు చెయ్యి ఆడడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: చెయ్యి ఆడకపోవడమే మంచిదైందమ్మా. ఆ మందు జోలికి వెళ్ళకండి. ట్యూబులో ముద్దగా వచ్చే ఎలుకల మందుల్లో సాధారణంగా ఉండేది ఎల్లో ఫాస్ఫరస్ అనే భాస్వరం. దానికి విరుగుడు లేదు. అది లోపలికి వెళ్ళిన మనిషి మొదటి రోజు వాంతులు చేసుకుని, ఆ తరువాత ఒకటి రెండు రోజులు కోలుకున్నట్టే కనిపించి, ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటున్న సమయంలో కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. పసిపిల్లలు తిరిగే ఇంట్లో ఆ ట్యూబు తాళం వేసిన బీరువాలో కూడా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. అలాగే పల్లెలో ధాన్యం గాదెల కోసం వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను బంధువులు తెచ్చి ఇచ్చినా ఇంటి బొరియల్లో వేయకండి. తేమ తగిలితే వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు గోడ నెరియల గుండా పడకగదిలోకి వచ్చి నిద్రలోనే మనుషులను చంపగలదు. మామూలు జనానికి ఆ బిళ్ళలు అమ్మకూడదని నిబంధన పెట్టింది అందుకే.

ఇక అసలు విషయానికి వస్తే, మీరు రాసిన రెండు ఆనవాళ్ళూ ఒకే జంతువువి కావు. అటక మీద పరుగెత్తేది నల్ల ఎలుక. దాని తోక ఒంటి కన్నా పొడుగు. అది తీగల మీద, దూలాల మీద అవలీలగా నడుస్తుంది. దాని పెంటికలు రెండు కొసలూ సన్నగా, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున ఉంటాయి. పెరట్లో మట్టి తోడేది పందికొక్కు. మీరు రాయకపోయినా చాలామంది పొరబడే మూడోది చుంచు. మూతి కోసుగా ఉండి, గోడ వారనే కిచకిచమంటూ పోతూ ఘాటైన వాసన వదిలే ఆ జీవి ఎలుక జాతిదే కాదు. అది బొద్దింకలనూ పురుగులనూ తిని బతుకుతుంది. దాన్ని చంపడానికి మందు పెట్టడం అనవసరం, తలుపు కింద సందు మూస్తే చాలు.

అటక ఎలుకకు బోనును మించిన సాధనం లేదు. అయితే ఎలుకకు కొత్త వస్తువంటే భయం. అందువల్ల తెచ్చిన రోజే బోను బిగించకుండా, కాల్చిన కొబ్బరి ముక్కో ఎండు చేప ముక్కో లోపల పెట్టి, తలుపు మూసుకోకుండా కట్టేసి, రెండు మూడు రాత్రులు గోడ వారగా వదిలేయండి. తినడానికి అలవాటు పడిన తరువాత బిగిస్తే తప్పకుండా పడుతుంది. ఈలోగా పెంకుల కింద సందులను ఇనుప జల్లెడతో మూయించండి. ఎలుకకు 12 మిల్లీమీటర్ల కంత సరిపోతుంది, చిట్టెలుకకు 6 చాలు. గుడ్డపీలికలు కుక్కడం వల్ల లాభం లేదు, అవి దాని గూటికి పరుపవుతాయి.

పందికొక్కు విషయంలో ముందు అది ఏ బొరియలో ఉందో తేల్చుకోవాలి. సాయంత్రం అన్ని బొరియలనూ తడి మట్టితో మూసి, పొద్దున ఏవి తెరుచుకున్నాయో చూడండి. అవే కాపురమున్న బొరియలు. వాటి ముందు బోను పెట్టి, పట్టుబడ్డాక ఆ బొరియలను గాజు పెంకులు కలిపిన కాంక్రీటుతో పూడ్పించండి. బోనుతో లొంగకపోతే చివరి మార్గంగా 0.005 శాతం బ్రోమాడయోలోన్ ఉన్న బిళ్ళలను, పిల్లల చెయ్యి దూరని తాళం పెట్టె లోపల మాత్రమే పెట్టవచ్చు. అది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, ఎలుక చావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. పొరపాటున మనిషి తింటే విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది కనుక మందు అట్టపెట్టె పారేయకుండా ఉంచి, ఆస్పత్రికి వెంట తీసుకువెళ్ళాలి. పెంటికలను పొడిగా ఊడ్చకండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పిరోసిస్ అనే జబ్బు వస్తుంది. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, చేతికి తొడుగు వేసుకుని, తడిగుడ్డతో తీయండి.

ప్రశ్న: ఏడాదికి సరిపడా ఎండుమిర్చి మార్చిలోనే యార్డు దగ్గర కొని డబ్బాల్లో పోస్తాం. వానాకాలం వచ్చేసరికి కాయలకు సన్నటి చిల్లులు పడి, గోధుమరంగు పురుగులు బయటకు వస్తున్నాయి. కారానికి కూడా పురుగు పడుతుందా? బోరిక్ పౌడర్ కలపవచ్చా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పడుతుంది. ఆ ఘాటు మనకే గాని దానికి కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, ఎర్రటి గోధుమ రంగు, తల కిందికి వంచుకుని గూనిగా కనిపించడం, ముట్టుకుంటే చచ్చినట్టు నటించడం, ఇవి ఉంటే అది సిగరెట్ బీటిల్. పొగాకు నిల్వలను పాడుచేస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. మిర్చీ పొగాకూ రెండూ పండే గుంటూరు ప్రాంతంలో దానికి తిండికి లోటు లేదు. ధనియాలు, పసుపు కూడా వదలదు. మీకు కనిపించే పెద్ద పురుగు కన్నా, కాయ లోపల తెల్లగా ముడుచుకుని ఉండే దాని పిల్ల చేసే నష్టమే ఎక్కువ.

బోరిక్ పౌడర్‌ను మిర్చిలోనే కాదు, బియ్యంలో కూడా కలపవద్దు. చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే అయినా, కడిగితే పోతుందన్న ధీమాతో తిండిలో విషం కలపడం న్యాయం కాదు. కొన్న వెంటనే మిర్చిని పలచగా పరిచి, పట్టుకుని ఊపితే గింజలు గలగలలాడేదాకా ఎండబెట్టండి. తొడిమ దగ్గర మెత్తదనం మిగిలితే ఆ కాయకు పురుగుకు ముందే బూజు పడుతుంది. పురుగు కనిపించిన మిర్చి, కారం కొద్దిపాటివైతే గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటకు తీశాక సంచి మామూలు వేడికి వచ్చేదాకా విప్పకండి. చల్లటి సరుకు మీద నీరు చేరి బూజు పడితే, ఆ బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం పురుగు కన్నా ప్రమాదం. చిల్లులు పడి, లోపల పొడి నిండిన కాయలను మాత్రం ఏరి పారేయండి. కారం రెండు నెలలకు సరిపడా మాత్రమే పట్టించుకుని, మిగిలింది కాయగానే ఉంచుకోవడం మేలు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇల్లు రోజుల తరబడి నీళ్ళలో ఉంది. తరువాత ద్వారబంధాలు గుల్లబారాయి. కిరోసిన్ కొడుతూనే ఉన్నాం, పురుగులు మళ్ళీ వస్తున్నాయి. పెస్టుకంట్రోల్ వాళ్ళను పిలిస్తే పని జరుగుతుందా?
– అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ముందు అవి చెదలా, పుచ్చు పురుగా అన్నది చూసుకోండి. కర్రకు సూదిమొన అంత గుండ్రటి చిల్లులు ఉండి, కింద గోధుమపిండి లాంటి మెత్తటి పొడి రాలుతుంటే అది పుచ్చు. దానికి ఆ కర్రకే వైద్యం చేయాలి. గోడ మొదలు నుంచి ద్వారబంధం దాకా పెన్సిలు మందాన మట్టి గీత పాకి, పై రంగు అలాగే ఉండగా లోపల కర్ర పొరలు పొరలుగా పోయి, మట్టి నిండి ఉంటే చెదలు. ఆ మట్టి గీతను వేలెడు మేర చిదిపి చూడండి. ఒకటి రెండు రోజుల్లో తిరిగి పూడ్చుకుంటే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. తొలకరి వానలకు దీపం చుట్టూ మూగే ఉసుళ్ళు చెదల రెక్కల దశే. ఇంటి లోపలి గోడ మూలన రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే పుట్ట ఇంటి కిందే ఉందని అనుమానించాలి.

కిరోసిన్ కంటికి కనిపించినవాటిని చంపుతుంది. రాణి, గుడ్లు, వేలాది కూలి పురుగులు నేల అడుగున ఉంటాయి కనుక వారం తిరక్కుండా మరో దారి పెట్టుకుంటాయి. అందుకని వైద్యం నేలకు జరగాలి. కట్టిన ఇళ్ళకు చెద నివారణ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం. గోడా గచ్చూ కలిసే చోట 30 సెంటీమీటర్ల దూరానికొకటి చొప్పున రంధ్రాలు వేసి, వాటిలో మందు ద్రావణం ఇంకించి, సిమెంటుతో మూయాలి. రంధ్రాలు వేయకుండా గోడల మీద పిచికారీ కొట్టి పోయేవారికి డబ్బు ఇవ్వకండి. ఏ మందు, నీటిలో ఎంత పాళ్ళలో, ఎన్నేళ్ళ హామీ అన్నవి బిల్లు మీద రాయించుకోండి. చెద మందుల్లో ఇమిడాక్లోప్రిడ్‌కు వాసన తక్కువ. క్లోరోపైరిఫాస్ అయితే ఆ రోజు పిల్లలను, వృద్ధులను వేరే ఇంట ఉంచండి. పెరట్లో బావి గాని, లోతు తక్కువ బోరు గాని ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. కారే పైపులు బాగుచేయించకుండా ఎంత మందు పోసినా ప్రయోజనం ఉండదు. చెదకు తిండి ఎంత ముఖ్యమో తడి అంతే ముఖ్యం.

ప్రశ్న: కిటికీ చట్రంలో, స్విచ్చుబోర్డు పక్కన ఏదో పురుగు మట్టితో చిన్న కుండల్లాంటి గూళ్ళు కడుతోంది. కుడుతుందా?
– పటమట, విజయవాడ

జవాబు: అది మట్టి గూళ్ళు కట్టే ఒక రకం కందిరీగ. పట్టుకుంటే తప్ప కుట్టదు. సాలీళ్ళనో గొంగళి పురుగులనో కుట్టి, చచ్చుబడేలా చేసి గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల వాటిని తిని పెరుగుతుంది. భ్రమరకీటక న్యాయంలో పురుగు భ్రమరంగా మారుతుందని పెద్దలు అన్నది ఈ గూడు చూసే అయి ఉండవచ్చు. గూటికి చిల్లు ఉంటే పిల్ల ఎగిరిపోయినట్టు, గీకేయండి. కిటికీలకు దోమతెర బిగిస్తే మళ్ళీ రాదు.

ప్రశ్న: స్నానాలగదిలో అడుగు పొడవు గోధుమరంగు పాము, ఒంటి మీద తెల్లటి కట్లు, గోడ ఎక్కుతూ కనిపించింది. కట్లపామని కొట్టి చంపారు. ఇంకా ఉంటాయేమోనని భయంగా ఉంది.
– నల్లపాడు, గుంటూరు

జవాబు: మీరు రాసిన పోలికలకు అది బల్లుల కోసం గోడలెక్కే ఉల్ఫ్ స్నేక్ అయి ఉండే అవకాశం ఎక్కువ. దానికి విషం లేదు. దాని కట్లు మెడ దగ్గర వెడల్పుగా మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాము నిగనిగలాడే నలుపు, కట్లు తలకు కాస్త దూరంలో మొదలై, తరచూ జంటలుగా తోక దాకా సాగుతాయి. అయితే ఈ తేడా చూడడానికి దగ్గరికి వెళ్ళకండి. అనుమానం ఉంటే కట్లపామనే అనుకుని గది తలుపు మూసి, సందులో గుడ్డ పెట్టి, అటవీశాఖకు గాని పాములు పట్టేవారికి గాని కబురు పెట్టండి. చంపడానికి కర్ర ఎత్తితే కాటుకు గురయ్యే ప్రమాదం పెరుగుతుంది.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు కనుక చాలామందికి మెలకువ కూడా రాదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే, కాటు గుర్తు లేకపోయినా పాముకాటుగానే భావించి 108కి ఫోన్ చేసి, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకువెళ్ళాలి. తాడు కట్టడం, గాయం కోయడం, నాటు మందు కోసం ఆగడం వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషానికీ ఒకే ఇంజెక్షన్ పనిచేస్తుంది కనుక పామును పట్టుకుని తేవాల్సిన పని కూడా లేదు. వెల్లుల్లి, కార్బాలిక్ యాసిడ్ చల్లడం వల్ల పాములు ఆగవు. తూములకు జాలీ బిగించండి, గోడ వారన పేర్చిన కట్టెలనూ ఇటుకలనూ దూరంగా జరపండి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోండి.