చెరువు నీళ్లు ఒకసారి టెస్ట్ చేయిస్తే చాలదా?

మీ చెరువులో చేపలు చచ్చిపోతే నీళ్లు టెస్టుకి పంపారు, బాగున్నాయని రిపోర్టు వచ్చింది, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొద్దు. నీళ్లు ఎన్ని గంటలకి పట్టారో ముందు అది చూడండి.

మాది చంద్రగిరి పక్క పల్లె. మా చిన్నమామ ఊరి చెరువులో చేపల వేలంపాట పాడితే నేనూ వాటా పెట్టాను. ఒక మే నెల తెల్లారుజామున ఫోన్ చేసి "చేపలు నోళ్లు తెరస్తా ఉండాయి, బిన్నా రా అల్లుడూ" అన్నాడు. పోయి చూస్తే తూము దగ్గర కట్లలు, రోహులు మూతులు పైకి పెట్టి గాలికి గుటకలేస్తున్నాయి. చేత్తో తాకినా బెదరడం లేదు. ఎండెక్కేసరికి కట్ట పొడవునా తెల్లటి పొట్టలు తేలాయి. మామ ఒక్క మాటా మాట్లాడకుండా తట్టలకెత్తాడు.

పదకొండున్నరకి టెస్టు చేసేవాళ్లొచ్చి సీసా ముంచారు. ఆక్సిజన్ బాగుందన్నారు. ఆ వేళకి ఉంటుంది మరి! మురుగులోనూ ఎరువుల్లోనూ ఉండే భాస్వరం, నత్రజని తిని పాచి బలుస్తుంది. పగలు ఎండకి ఆక్సిజన్ వదిలేదీ అదే, రాత్రంతా పీల్చేదీ అదే. పొద్దు పొడవకముందే చెరువుకి ఊపిరాడదు. మేం ఆక్సిజన్ కొలిచే మీటరు కొన్నాక చూస్తే తెల్లారి అయిదున్నరకి లీటరుకి 2 మిల్లీగ్రాములు, అదే రోజు మధ్యాహ్నం 9.

మా తాత నీరుగంటి, అంటే చెరువు నీళ్లు పొలాలకి వదిలే మనిషి. తూము రాతిమెట్లు ఎన్ని మునిగాయో రోజూ లెక్కపెట్టేవాడు. ఇప్పుడు చెరువు మొహం చూసేవాడేడీ? 2021 నవంబరు వానలకి తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందని పల్లెలు ఖాళీ చేయించినప్పుడు అందరి కళ్లూ చెరువుల మీదే. నీళ్లు తగ్గాయి, మరిచిపోయారు.

అమెరికాలో సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. 1963 నుంచి 1968 దాకా ఊరి మురుగును దాంట్లో పడకుండా మళ్లిస్తే నీళ్లు తేరాయి. మళ్లించకముందు ఏళ్ల తరబడి రాసిపెట్టిన కొలతలున్నాయి కాబట్టే, చెడగొట్టింది మురుగేనని తేల్చగలిగారు. ఒక్క రిపోర్టుతో అది తేలేది కాదు.

ఖర్చని భయపడకండి. సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1865లో తెల్ల పళ్లేన్ని నీళ్లలోకి దించి, ఎంత లోతున కనబడకుండా పోతుందో కొలిచాడు. ఎంత లోతు దాకా కనబడితే నీళ్లు అంత తేట. మేమూ పళ్లేనికి తాడు కట్టాం. నెలకి రెండుసార్లు, అదే తూము దగ్గర, అదే వేళకి. పళ్లెం మాత్రం మిట్టమధ్యాహ్నం దించాలి, ఆక్సిజన్ తెల్లారేలోపు చూడాలి. మొదటేడు 90 సెంటీమీటర్ల దాకా కనబడిన పళ్లెం, పైన లేఅవుట్ వేసి కాలవ మా చెరువులోకి తిప్పాక 35కే మాయమైపోతోంది. ప్లాట్లు అమ్ముకునేటప్పుడు మురుగు ఎక్కడికి పోతుందో ఒక్కడూ అడగలేదు.

మూడేళ్ల నోట్‌బుక్ ఉంది. వచ్చే గ్రామసభకి మామా నేనూ అదే పట్టుకెళ్తున్నాం.