టెక్ సందేహాలు: గిరాకీ తగ్గింది, కంప్యూటర్ల ఖర్చు తగ్గేదెలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల హోల్‌సేల్ వ్యాపారం మాది. కొంతకాలంగా గిరాకీ పడిపోయింది. 8 కంప్యూటర్లు, 15 మెయిల్ ఖాతాలు, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది కాబట్టి కంప్యూటర్లన్నీ మార్చాలని సర్వీసు ఇంజినీరు అంటున్నారు. ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

జవాబు: కంప్యూటర్ల కన్నా ముందు కార్డు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. నెలనెలా దానంతటదే కట్ అవుతున్న ప్రతి మొత్తాన్నీ కాగితం మీద రాయండి. మానేసి వెళ్లిన ఉద్యోగి ఖాతాకు ఇంకా డబ్బు కడుతున్నా ఆశ్చర్యం లేదు.

15 మెయిల్ ఖాతాలకు 15 మంది మనుషులున్నారా? సేల్స్‌కు ఒకటి, అకౌంట్స్‌కు ఒకటి అని విడిగా కొంటుంటారు. అది దండగ. మీది గూగుల్ వర్క్‌స్పేస్ అయితే ఒక్కో ఖాతాకు 30 వరకు ఏలియాస్ చిరునామాలు (అదే ఖాతాకు మెయిళ్లు చేరే అదనపు చిరునామాలు) ఉచితంగా పెట్టుకోవచ్చు. నలుగురూ చూడాల్సిన చిరునామాకు గ్రూపు చాలు. తీసేసే ఖాతాలోని మెయిళ్లను ముందే దింపుకోండి. తొలగించిన 20 రోజుల తర్వాత అవి తిరిగి రావు. వార్షిక ప్లాన్ తీసుకుని ఉంటే ఖాతాల సంఖ్య తగ్గించే వీలు రెన్యువల్ సమయంలోనే ఉంటుంది. ఆ తేదీని ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఇక విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజమే. అంతమాత్రాన 8 కంప్యూటర్లూ పారేయనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్‌ను (కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందో చెప్పే ప్రోగ్రాం) అన్నింటిలో నడిపి చూడండి. ఇంటెల్ 8వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లు చాలావరకు నెగ్గుతాయి. టీపీఎం (విండోస్ 11కు కావాల్సిన భద్రతా చిప్) లేదని చూపిస్తే బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) ఆపేసి ఉందేమో చూడమనండి. నెగ్గినవాటికి విండోస్ 11 ఉచితమే. ఇంకా హార్డ్ డిస్కుతో నడుస్తుంటే ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేయించండి, వేగం మీకే తెలుస్తుంది. నెగ్గనివాటిలో బ్రౌజర్ పని మాత్రమే జరుగుతుంటే లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవచ్చు. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాటిని విండోస్‌లోనే ఉంచండి.

ట్యాలీ శాశ్వత లైసెన్సు ఉంటే ఏటా కట్టే టీఎస్ఎస్ (అప్‌డేట్లు, ఆన్‌లైన్ సేవల చందా) ఆపినా సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. కానీ అందులోంచి నేరుగా ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ జీఎస్టీ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తీయలేరు. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా మీ టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే, ఇప్పుడు వ్యాపారం తగ్గినా ఈ-ఇన్‌వాయిస్ తప్పదు. హోల్‌సేల్ బిల్లులన్నీ పోర్టల్‌లో చేత్తో ఎక్కించడం కన్నా టీఎస్ఎస్ కట్టడమే చవక.

సబ్‌స్క్రిప్షన్ల బిల్లింగ్ వివరాల్లో మీ జీఎస్టీ నంబరు ఉందా? లేకపోతే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుకునే వీలు) ఊరికే పోతోంది. ఈరోజే సరిచేయించండి.

బ్యాకప్ ఖర్చు జోలికి మాత్రం వెళ్లకండి. ట్యాలీ డేటాను రోజూ పోర్టబుల్ డిస్కులోకి కాపీ చేసి, పని అవగానే డిస్కును ఊడదీసి పెట్టండి. కంప్యూటర్‌కు తగిలించి వదిలేస్తే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దానికీ తాళం వేస్తుంది.